బిడ్డ మాది, గుడ్డ మాది

ఆ రూలంటే కార్పొరల్ జైలోసికి ఉన్నంత ప్రేమ దాన్ని రాసినవాళ్ళకి కూడా ఉండి ఉండదు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ కొత్తగా చేరిన కుర్రాళ్ళని ఎండలో వరసగా నిలబెట్టి, గొంతు సవరించుకుని అప్పజెప్పేవాడు: "యూనిఫాంలో ఉన్న సైనికుడు ఏ పార్టీ గుర్తునీ తొడగరాదు, మోయరాదు, చూపరాదు. ఏ పార్టీ పాటకీ పాదం కదపరాదు." ఆ చివరి ముక్క పుస్తకంలో లేదు. జైలోసి సొంతంగా చేర్చుకున్నాడు. మా దగ్గర డప్పు వినపడితే ముందు పాదం కదులుతుంది, బుర్ర తీరిగ్గా తర్వాత వస్తుంది. అది అతనికి తెలుసు.

"కార్పొరల్ గారూ, మనసులో కదిపితేనో?" అని ఒక కుర్రాడు అడిగాడు ఈసారి.

"మనసుకి యూనిఫాం లేదు. అక్కడ నీ ఇష్టం వచ్చినట్టు గెంతు."

ఎందుకయ్యా నీకింత పట్టింపు అని తోటివాళ్ళు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. దాని వెనక వాళ్ళమ్మ సంగతి ఒకటుంది. దాన్ని నలుగురిలో చెప్పుకోవడం అతనికి ఇష్టం లేదు.

జైలోసికి అప్పుడు అన్నీ కలిసొస్తున్నాయి. చొక్కా చేతి మీద రెండు గీతలు ఉన్నాయి, జులైలో మూడోది వస్తుందని పైనుంచి మాట కూడా వచ్చింది. మూడో గీత రాని కార్పొరల్ని ఈడు మీరాక సైన్యం ఉంచుకోదు, సలాం కొట్టి ఇంటికి పంపేస్తుంది. అందుకని భార్య ఎనెలెసి ఆ మూడో గీత కోసం మొక్కని మొక్కు లేదు. గీత వస్తే బారక్సులో ఆ రెండు గదుల ఇల్లు నిలుస్తుంది, పిల్లల బడి నిలుస్తుంది. అప్పటికి ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో ఉంది.

జూన్ నెల, మాకది చలికాలం, సరస్సు మీంచి గాలి కోసేస్తోంది. పొద్దున్నే జైలోసి గేటు దగ్గర కాపలాలో ఉండగా పొరుగింటావిడ పరుగున వచ్చి, "నీ పెళ్ళాన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు, నొప్పులు మొదలయ్యాయి" అంది. సార్జంటు మంచివాడు. బట్టలు మార్చుకునేదాకా కూడా ఆగనివ్వలేదు. పో, పో అని తరిమాడు. జైలోసి ఉన్నపళంగా, బూట్లతో టోపీతో, మనుషుల్ని ఎక్కించుకుపోయే అద్దె సైకిలు వెనక సీటెక్కి ఆసుపత్రికి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆడపిల్ల పుట్టేసింది.

మా ఆసుపత్రుల్లో కానుపుకి వెళ్ళేవాళ్ళు అన్నీ ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. బేసిన్, సబ్బు, కొవ్వొత్తి, బిడ్డని చుట్టడానికి గుడ్డలు. గుడ్డలంటే ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే చితెంజెలే. ఎనెలెసి రెండు పాతవి సర్దుకుంది. కానుపుకని ఊరినుంచి వచ్చిన వాళ్ళమ్మ ఆ రెండింటినీ వెలుతురుకి ఎత్తి చూసి మూతి తిప్పింది. "తొలిసారి లోకంలోకొస్తున్న పిల్లని ఈ జల్లెడలోనా చుట్టేది? పరువుండక్కర్లా?" అని తన పెట్టె తీసి కొత్త గుడ్డ ఇచ్చింది. ఇంటి మొత్తానికి కొత్త గుడ్డ అదొక్కటే. క్రితం వారం కుండ పార్టీ సభలో ఎండలో నిలబడి, ఆడి, పాడి సంపాదించింది. మంచి ఎరుపు. మధ్యలో కుండ గుర్తు, కుండ పైన ఆ పార్టీ అభ్యర్థి కపండాగారి నవ్వు ముఖం. ఆడవాళ్ళు గుడ్డ తీసుకునేటప్పుడు రంగు దిగుతుందా లేదా అని చూస్తారు గాని ముఖం చూడరు. కాబట్టి ఎవరూ చూడలేదు.

జైలోసీ చూడలేదు. అతను చూసింది పిల్లని. ఇంత ముక్కు, గుప్పెట్లు బిగించి ఎవరి మీదో కోపంగా ఉంది. చలి తగలకుండా గుండెకి ఆనించుకుని వరండాలో ఎండ పడుతున్న చోట నిలబడ్డాడు. సరిగ్గా ఆ క్షణానే కపండాగారు రోగులకి సబ్బులూ పంచదారా పంచడానికి వేంచేశారు. ముందు డప్పులు, వెనక ఆడుతున్న ఆడవాళ్ళు, చుట్టూ ఫోన్లెత్తి పట్టుకున్న కుర్రాళ్ళు. కపండాగారికి యూనిఫాం కనపడింది. యూనిఫాం చేతుల్లో తన ముఖం కనపడింది.

"ఆహా! మన సైన్యం!" అని ఒక్క అంగలో వచ్చి జైలోసి భుజం మీద చెయ్యేశారు.

జైలోసి అప్పుడు కిందికి చూశాడు. చేతుల్లోంచి కపండాగారు నవ్వుతున్నారు. ముఖాన్ని లోపలికి తిప్పేద్దామని గుడ్డ అంచు పట్టుకుని లాగాడు. పాపం, అంచు లాగితే ముడతలు పోయి ముఖం ఇంకా విశాలంగా పరుచుకుంది. ఫోటో అప్పుడే పడింది. అందులో చూస్తే ఒక సైనికుడు కపండాగారి ముఖాన్ని రెండు చేతులా సాగదీసి దేశానికి చూపిస్తున్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో ఫోను ఫోనుకీ పాకింది. కుండ పార్టీవాళ్ళు దాని కింద "సైన్యం మా కుండలోనే ఉంది" అని రాసుకున్నారు. పడవ పార్టీవాళ్ళు విలేకరులని పిలిచి, సైన్యాన్ని కుండలో పెట్టి వండుకు తింటున్నారని గుండెలు బాదుకున్నారు. రెండు పార్టీల్లోనూ ఆ పిల్ల ఆడో మగో అడిగినవాడు లేడు.

జైలోసి బారక్సుకి తిరిగొచ్చేసరికి కల్నల్ కపచికా ఆఫీసు ముందు నిలబడమని కబురుంది. కపచికా ఎత్తైన మనిషి, ఛాతీ నిండా పతకాలు. ఉతకడానికి వేసిన చొక్కాకి కూడా పతకాలు తీయనివ్వరని ధోబీలు చెప్పుకునేవారు. ఈమధ్య ఆయన బంగళాకి సాయంత్రాలు టీ తాగడానికి పడవ పార్టీ పెద్దలు వచ్చిపోతున్నారు. బారక్సులో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు, నోరెత్తకపోవడం కూడా సైన్యంలో ఒక డ్యూటీయే.

"నువ్వేనా కుర్రాళ్ళకి రూలు నేర్పేది?" అన్నాడు కల్నల్.

"నేనే సార్."

"బాగా నేర్పావు. విచారణ ఉంటుంది. డిశ్చార్జి చేసి ఇంటికి పంపేదాకా వెళ్ళొచ్చు. పో."

ఆసుపత్రి నుంచి ఎనెలెసి వచ్చాక జైలోసి విషయం దాచడానికి చూశాడు గాని, బారక్సులో విషయం దాగుతుందా? ఆమెకి వీధి చివరే తెలిసిపోయింది.

"ఏమయ్యా, మనల్ని వెళ్ళగొడతారా?"

"రూలు ప్రకారం పంపొచ్చు."

"రూలు ప్రకారం బిడ్డని బోసి ఒంటితో ఎత్తుకోవాలా?"

"ముఖం లోపలికి పెట్టి చుట్టి ఉండాల్సింది ఎనె."

ఆమె పిల్లకి పాలిస్తూ తలెత్తి చూసిన చూపుకి జైలోసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈసారి నువ్వు నొప్పులు పడి, నువ్వు కని, చెమట్లు కక్కుకుంటూ ఏ ముఖం ఎటుందో చూసి చుట్టు. అప్పుడు నేనొచ్చి రూలు చెబుతా."

ఆ కోపంలోనే ఊరికి కబురు పంపింది. మేనమామ కవింగాని రమ్మంది. కవింగా ఆమె తరఫు పెళ్ళిపెద్ద. మా దగ్గర ప్రతి పెళ్ళికీ అటొకరు ఇటొకరు పెళ్ళిపెద్దలు ఉంటారు. ఆ కాపరంలో ఏ గొడవొచ్చినా, ఉప్పెక్కువైనా సరే, ఆ ఇద్దరినీ కూర్చోబెట్టకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. జైలోసి వద్దని బతిమాలాడు. "ఇది కాపరం గొడవ కాదే, సైన్యం గొడవ!" అన్నాడు. "బిడ్డ మీద కేసు పెట్టారు. కాపరం గొడవ కాకపోతే ఇంకేంటి?" అంది ఎనెలెసి.

విచారణ రోజున కవింగా పాత నల్లకోటు వేసుకుని, చంకలో కోడిని పెట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. కాపలావాడు తుపాకీ అడ్డం పెట్టి ఎవరని అడిగాడు. "పెళ్ళిపెద్దని" అన్నాడు కవింగా. కాపలావాడికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. పెళ్ళిపెద్దని ఆపే ధైర్యం మా దేశంలో ఏ మొగుడికీ లేదు. తుపాకీ పక్కకి తీసి దారి చూపించాడు.

ఆఫీసర్ల భోజనాల హాల్లో పెద్ద బల్ల వెనక కల్నల్, పక్కన మేజర్ సిలుంగ్వె కూర్చున్నారు. మేజరు ముందు రూల్సు పుస్తకం ఉంది. ఆయన సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఎదురుగా జైలోసి నిటారుగా నిలబడ్డాడు. కవింగా వచ్చి అల్లుడి పక్కన నిలబడగానే కోడి ఒక్కసారి కూసింది.

"ఎవరీయన?" అన్నాడు కల్నల్.

మేజర్ పుస్తకం తిరగేశాడు. "ముద్దాయి తరఫున మాట్లాడ్డానికి ఒకరుండొచ్చు సార్. 'తగిన వ్యక్తి' అని రాసుంది. ఆఫీసరై ఉండాలని రాయలేదు."

"వియ్యంకుడుగారూ, కోడిని ఎక్కడ కట్టెయ్యమంటారు?" అని కవింగా కల్నల్‌ని అడిగాడు.

"ఎవరయ్యా నీకు వియ్యంకుడు?"

"తమరే. మా అల్లుడికి తండ్రి లేడు, మేనమామ పోయాడు. ఇన్నేళ్ళుగా వాడికి అన్నం పెట్టి, ఇల్లిచ్చి, పొద్దున్నే లేపి తిట్టేది తమరు. మగపెళ్ళివారంటే తమరు కాక ఇంకెవరు? ఒట్టి చేతుల్తో వియ్యంకుడి గుమ్మం తొక్కితే మా అక్క నన్ను బతకనివ్వదు."

మేజర్ పుస్తకంలోకి బాగా వంగి దగ్గాడు. కోడిని కిటికీ ఊచకి కట్టారు.

మేజర్ ఫోటో బల్ల మీద పెట్టి మర్యాదగానే అడిగాడు. "పెద్దాయనా, ఇందులో ఉన్నది మీ అల్లుడేనా?"

"మా అల్లుడే. కొంచెం చిక్కాడు."

"చేతుల్లో ఉన్న గుడ్డ మీద కుండ గుర్తుందా?"

"ఉంది."

"మోశాడా?"

"మోశాడు బాబూ, కాదనను. ఏం మోశాడు? బిడ్డని. బిడ్డ ఎవరిది? మా దగ్గర బిడ్డ తల్లివైపు వాళ్ళది. కల్నల్ గారి తల్లిగారిదీ మా సరస్సు గట్టేగా, వారికీ తెలుసు. గుడ్డ ఎవరిది? మా అక్క పొద్దుగూకేదాకా ఆడి తెచ్చుకుంది. బిడ్డ మాది, గుడ్డ మాది. అల్లుడొక్కడే మీవాడు. మీవాడు మా సామాను కాసేపు మోశాడు. ఇందులో పార్టీ ఎక్కడుంది?"

"మీ అక్కగారు కుండ పార్టీయా?" అన్నాడు కల్నల్, ఏదో దొరికినట్టు ముందుకి వంగి.

"మా అక్కది గుడ్డ పార్టీ వియ్యంకుడుగారూ. కుండవాళ్ళిస్తే కుండకి ఆడుతుంది, పడవవాళ్ళిస్తే పడవకి ఆడుతుంది. ఓటు ఎవరికేస్తుందో తోడబుట్టిన నాక్కూడా చెప్పదు."

అప్పుడే టీ వచ్చింది. వంటగది సిపాయి ఒకడు, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, పొగలు కక్కుతున్న కేటిల్‌ని పట్టుకుని వచ్చాడు. పిడి కాలకుండా ఓ గుడ్డని నాలుగు మడతలు పెట్టి పట్టుకున్నాడు. ఎర్ర గుడ్డ. మడతల్లోంచి కపండాగారి ఒక కన్నూ, సగం ముక్కూ, పూర్తి నవ్వూ కనపడుతున్నాయి.

హాల్లో అందరి తలలూ కేటిల్ వైపు తిరిగాయి. కవింగా వేలు చూపించాడు.

"ఈ బాబు మీద కూడా కేసు పెడతారా, లేక కేటిల్‌కి ఓటు లేదని వదిలేస్తారా?"

మేజర్ ఈసారి దగ్గలేదు, నవ్వేశాడు. గుమ్మం దగ్గర సిపాయిలు పగలబడ్డారు. టీ తెచ్చినవాడు ఏమీ అర్థం కాక, అందరూ గుడ్డ వంకే చూస్తున్నారని దాన్ని గబుక్కున జేబులో కుక్కుకుని, వేడి పిడి పట్టుకుని కెవ్వుమన్నాడు. కల్నల్ చెవులు ఎర్రబడ్డాయి.

అందరూ నవ్వుతున్నారు, జైలోసికి మాత్రం నవ్వు రాలేదు. మామయ్య గెలుస్తున్నాడు, నిజమే. కాని మామయ్య గెలుస్తున్నకొద్దీ రూలు నవ్వులపాలవుతోంది. ఇన్నేళ్ళు తను ఎండలో నిలబడి చెప్పిన రూలు. రేపు కుర్రాళ్ళకి మళ్ళీ చెప్పబోతే, కార్పొరల్ గారూ కేటిల్ కేటిల్ అంటారు.

"నువ్వేమంటావ్?" అన్నాడు మేజర్, నవ్వు తుడుచుకుంటూ. తేలిగ్గా వదిలేద్దామనే ఉంది ఆయన ముఖంలో.

"తప్పు చేశాను సార్. గుడ్డ ఎవరిదైనా, మోసింది యూనిఫాం. ముఖం బయటికుంది. చూసుకోవాల్సింది నేను."

కవింగా నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా వాదనంతా ఏట్లో కలిపావు కదరా అబ్బాయ్!"

"మొదటి తప్పు సార్, ఒప్పుకున్నాడు. మందలింపు చాలు" అని మేజర్ కల్నల్ చెవిలో అన్నాడు. కల్నల్ ఆయన్ని పక్కకి తోసినట్టు చెయ్యూపి, "దేశం చూస్తోంది మేజర్" అన్నాడు. దేశం ఏం చూస్తోందో గాని, పడవ పార్టీ చూస్తోందని అందరికీ అర్థమైంది. జైలోసికి డిశ్చార్జి. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. మూడో గీత మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

కేటిల్ అవమానం కల్నల్‌ని అక్కడితో వదల్లేదు. బారక్సులో ఉన్న పార్టీ గుడ్డలన్నీ సాయంత్రంలోగా పోగు చెయ్యమని హుకుం జారీ చేశాడు. సిపాయిలు ఇళ్ళ మీద పడ్డారు. కిటికీ తెరలు పోయాయి, బల్ల మీది గుడ్డలు పోయాయి, నిద్రపోతున్న పిల్లల కింద పరిచినవి పిల్లల్ని పక్కకి దొర్లించి లాగారు. ఆడవాళ్ళు శాపనార్థాలు పెడుతూ వెంటపడ్డారు. మైదానంలో మనిషెత్తు గుట్ట పడింది, కుండలూ పడవలూ కలగాపులగంగా. తగలబెట్టండి అన్నాడు కల్నల్. అందులో దేశాధ్యక్షుడి ముఖమున్నవి కూడా ఉన్నాయని మేజర్ గుర్తుచేశాడు. అధ్యక్షుడి ముఖాన్ని తగలబెట్టిన సైనికుడి గతి ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పోనీ పేదలకి పంచుదామంటే అది ప్రచారం అవుతుంది. తిరిగి పార్టీలకి పంపుదామంటే, సైన్యం పార్టీలతో ఇచ్చిపుచ్చుకుంటోందంటారు. చివరికి గుట్టంతా ఆయుధాల గదిలో పెట్టి తాళమేశారు. తుపాకులు వరండాలోకి వచ్చాయి. ఆ తలుపు ముందు యూనిఫాంలో ఇద్దరు సిపాయిలు రాత్రింబవళ్ళు అభ్యర్థుల ముఖాలకి కాపలా కాశారు.

జైలోసి తన బట్టలు స్టోర్లో అప్పగించాడు. చొక్కాలు, ప్యాంట్లు, టోపీ, బెల్టు. బూట్లు ముందురోజే పాలిష్ పెట్టాడు, ఎవడో వేసుకుంటాడు కదా అని. స్టోరువాడు ప్రతిదీ తిప్పి చూసి పక్కన పడేస్తుంటే, తనని ఎవరో ముక్కలు ముక్కలుగా విప్పుతున్నట్టనిపించింది. బయటికొచ్చాక గోడ వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చాడు. ఎవరూ చూడలేదు, చూసినా అనేవాళ్ళు లేరు.

ఎనెలెసి వాళ్ళ ఊరు చేరారు. అత్తగారు ఇంటి పక్కనే కొంచెం జాగా ఇచ్చింది. జైలోసి చిన్న చేపలు కొని, ఎండబెట్టి సంతకి వేస్తున్నాడు. పిల్లకి ఊరు పేరు పెట్టేసింది, మ్లాండు అని. అంటే కేసు. మా దగ్గర బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో ఏది జరుగుతుంటే అదే పేరవుతుంది, తప్పించుకోలేం. ఊళ్ళోవాళ్ళు జైలోసిని జాలిగా చూసేవారు. అత్తగారు మాత్రం జాలిపడలేదు. "నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావుగా, ఇక చేపలు తిప్పు" అనేది.

ఆగస్టులో వార్త వచ్చింది. కల్నల్ కపచికా ఓ గురువారం మధ్యాహ్నం రిటైరయ్యాడు. సాయంత్రానికి పడవ పార్టీ అభ్యర్థి అయ్యాడు. అది కూడా ఈ నియోజకవర్గానికే, వాళ్ళమ్మ ఊరు కదా. మరుసటి వారం అత్తగారు కొత్త గుడ్డతో ఇంటికొచ్చింది. నీలం రంగు, దిట్టంగా ఉంది. మధ్యలో పడవ, పడవ మీద కల్నల్‌గారు, టోపీ పెట్టి, పతకాలన్నీ తగిలించి, పూర్తి యూనిఫాంలో.

జైలోసి ఆ గుడ్డని పట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్కో పతకాన్నీ బట్ట మీద చక్కగా దించారు.

ఆ ఆదివారం కల్నల్ తనే వచ్చాడు. కార్లు, డప్పులు, పడవ పాటలు. నేరుగా చేపలు ఎండబెట్టే తడికల దగ్గరికి నడిచి, వాసన లెక్క చెయ్యకుండా జైలోసిని కౌగిలించుకున్నాడు.

"నా కార్పొరల్! ఎలా ఉన్నావయ్యా?"

"చేపలు ఎండబెడుతున్నాను సార్."

కల్నల్ అతన్ని పక్కకి తీసుకుపోయాడు. పక్కకంటే ఎంత పక్కకి, ఊరంతా చుట్టూనే ఉంది. "చూడు జైలోసీ, ఈ గట్టు మీద ఆడవాళ్ళందరూ నేను బాలింత ఇల్లు ఖాళీ చేయించానని చెప్పుకుంటున్నారు. ఓట్లు పోతున్నాయి. మన మధ్య గొడవేం లేదని ఒక్క ఫోటో దిగుదాం. నువ్వూ, నేనూ, పాపా. పాపని మన గుడ్డలో చుట్టు. గెలిచానంటే నిన్ను మళ్ళీ తీసుకునేలా చూసే పూచీ నాది."

అని సైగ చేశాడు. వెనకున్నవాడు కవరులోంచి యూనిఫాం తీశాడు. కొత్తది, మడత నలగలేదు. చేతి మీద మూడు గీతలున్నాయి.

ఎనెలెసి గుమ్మంలో పిల్లనెత్తుకుని నిలబడింది. కవింగా చుట్ట ఆర్పేశాడు. బారక్సు ఇల్లు, పిల్లల బడి, మూడో గీత, అన్నీ ఆ కవరులో ఉన్నాయి. జైలోసి చేతులు లుంగీకి తుడుచుకుని యూనిఫాం అందుకున్నాడు. గీతల్ని వేలితో తడిమాడు. గరుగ్గా, గట్టిగా ఉన్నాయి.

"రూలు సార్?" అన్నాడు.

"పిచ్చివాడా, నేను రిటైరయ్యాను, నువ్వు డిశ్చార్జయ్యావు. మనిద్దరికీ ఆ రూలు లేదు."

"అయితే మనిద్దరికీ యూనిఫామూ లేదు కదా సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. కల్నల్ నవ్వు కొంచెం బిగిసింది. "తెలివితేటలు తర్వాత. తొడుక్కో."

జైలోసి తొడుక్కోలేదు. అలా పట్టుకునే, ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి అక్కడ, అంతమందిలో, చెప్పేశాడు.

"మా చిన్నప్పుడు అమ్మ నన్ను సంతకి తీసుకెళ్ళింది సార్. అప్పుడు మా చెల్లి కడుపులో ఉంది. అప్పట్లో ఉన్నది ఒకటే పార్టీ, దాని కార్డు లేనిదే సంతలోకి రానిచ్చేవారు కాదు. సంత గేటు దగ్గర యూనిఫాం వేసుకున్నవాడు పార్టీ కార్డు అడిగాడు. అమ్మ తనది చూపించింది. కడుపులో ఉన్నదానికేదీ అన్నాడు. నవ్వులాటకనుకుంది అమ్మ. నవ్వింది. వాడు కర్రతో బుట్ట పడగొట్టి, లోపలికి రానివ్వలేదు. టమాటాలన్నీ దుమ్ములో పడ్డాయి. ఏరుకోనివ్వలేదు. దారంతా ఏడుస్తూ నడిచింది. ఇంకా పుట్టని బిడ్డ ఏ పార్టీ అని అడిగింది యూనిఫాం సార్. నేను సైన్యంలో చేరింది వేరే యూనిఫాం వేసుకుందామని. ఎవరినీ అడగని యూనిఫాం."

డప్పులవాళ్ళు ఎప్పుడాపారో ఆపేశారు. పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు నేలచూపులు చూశారు. ఆ గేటు వాళ్ళకీ గుర్తుంది.

జైలోసి యూనిఫాంని తడిక మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, తనిఖీకి పెట్టేటప్పుడు మడిచినట్టే అంచుకి అంచు కలిపి మడిచాడు. మూడు గీతలూ పైకొచ్చాయి. రెండు చేతులా కల్నల్‌కి అందించాడు.

"మా మామయ్య ఆ రోజే చెప్పాడు సార్. బిడ్డ వీళ్ళది, గుడ్డ వీళ్ళది. ఇది మాత్రం మీదీ కాదు, నాదీ కాదు. ఎక్కడినుంచి తెచ్చారో అక్కడ ఇచ్చెయ్యండి."

కల్నల్ ఆ మడతని పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని ఎవరికివ్వాలో తెలియలేదు. ఫోటో తీసేవాడు ఫోను ఎత్తాలో దించాలో తేల్చుకోలేక ఆయన ముఖం వంక చూశాడు. కాసేపటికి కార్లు కదిలాయి. డప్పులు మళ్ళీ మొదలైనా ఊళ్ళో ఎవరి పాదమూ కదల్లేదు.

కవింగా చుట్ట మళ్ళీ వెలిగించి, "ఇదే మాట ఆ రోజు అక్కడ అని ఉంటే ఏం పోయేదిరా?" అన్నాడు. ఈసారి కోపంగా అనలేదు. జైలోసి తడిక మీద చేపలు తిప్పసాగాడు. రెండు గదుల ఇల్లు ఇప్పుడు నిజంగానే పోయింది, ఇక రాదు.

సరస్సు మీంచి గాలి లేచింది. మ్లాండు ఏడుపందుకుంది. ఎనెలెసి దండెం మీంచి నీలం గుడ్డ లాగి, దులిపి, ఒళ్ళో పరిచింది. కల్నల్‌గారు టోపీతో పతకాలతో బోర్లా పడున్నారు. ఆమె ఒక్క క్షణం ఆగి, గుడ్డని తిరగేసి, పిల్లని ఆయన మీద పడుకోబెట్టి చుట్టింది.

"ముఖం లోపలికే కదా?" అంది మొగుడితో.

"లోపలికే" అన్నాడు జైలోసి, పిల్లని అందుకుంటూ.